నాకు పులుసు చాలు!

మంచి చేపకి పులుసు కావాలా, అక్కర్లేదా?

ఇదీ ఒక సమస్యేనా అని నవ్వకండి. కిందటి వానాకాలంలో ఈ ప్రశ్న మా ఇంట్లో వారం రోజులు నలిగింది. ఒకవైపు మావారు, ఇంకోవైపు మా ఎదురు ఫ్లాట్ బెంగాలీ ఆవిడ, మధ్యలో గరిటె పట్టుకుని నేను. వాళ్ళిద్దరి వాదనా విన్నాక నాకు అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉందనిపించింది. అది మీతో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

మాది కోనసీమ. పెళ్ళయి హైదరాబాదు వచ్చి పదహారేళ్ళయింది. గోదారికి ఎర్రనీళ్ళు రాగానే మా తమ్ముడు ఏటా ఒక్క పులసైనా ఐసు పెట్టెలో సర్ది బస్సులో పంపిస్తాడు. ఎంతకి కొన్నావురా అంటే చెప్పడు. యానాంలో ఒక్క పులస వేలంపాటలో ఇరవై వేలు పలికిందని పేపర్లో చదివినప్పుడల్లా నాకు గుండె గుభేలుమంటుంది. వాడు పంపేది అంత పెద్దదేం కాదులెండి, కిలో పైచిలుకు ఉంటుందంతే. అయినా ఆ డబ్బుతో మా ఇంట్లో నెల సరుకులు వచ్చేస్తాయని నాకు తెలుసు.

పులస సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ దాని పేరు ఇలస. జులై నుంచి సెప్టెంబరు దాకా వరదల రోజుల్లో గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదుకుంటూ వస్తుంది. ఏటి నీళ్ళలో ఈదేకొద్దీ ఒంట్లో ఉప్పదనం తగ్గి రుచి మారుతుంది. అప్పుడది పులస. ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాక దాని ప్రయాణం అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడున్నది తర్వాత కట్టిన బ్యారేజీ అయినా చేపకి అదీ అడ్డే. అంటే సముద్రానికీ ధవళేశ్వరానికీ మధ్య దొరికే ఆ నాలుగు చేపల కోసమే ఈ పోటీ అంతా.

సరే, ఆ రోజు చేప వచ్చింది. మా అమ్మమ్మ పద్ధతిలోనే వండాను. వెడల్పాటి మట్టి దాకలో ఉల్లిపాయ ముద్ద, పచ్చిమిరపకాయలు, కారం, పసుపు, చిక్కటి చింతపండు రసం, లేత బెండకాయలు, చివర్లో కాస్త ఆవకాయ నూనె. గరిటె పెడితే ముక్క చితుకుతుంది కనక దాకనే అటూ ఇటూ కుదుపుతూ సన్నసెగ మీద గంటన్నర. ఇల్లంతా ఘుమఘుమలాడింది. గొప్పకి పోయి ఎదురింటికి కూడా ఒక గిన్నెలో రెండు ముక్కలు పంపాను. చేపల్ని ప్రాణంగా చూసుకునే మనుషులు కదా, మన చేతివాటం కూడా చూపిద్దామని!

మర్నాడు ఆవిడ గిన్నెలో మిఠాయి పెట్టి తిరిగిచ్చింది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదన్న పట్టింపు వాళ్ళకీ ఉంది. "చాలా బాగుంది" అంది. కాసేపు తటపటాయించి, "ఏమీ అనుకోకపోతే ఒక మాట. పులుసు బాగుంది. కానీ చేప ఎక్కడ? ఇంత మంచి ఇలిష్‌ని తీసుకెళ్ళి చింతపండులో ముంచేస్తే దాని రుచి ఏం తెలుస్తుందండీ?" అంది.

నాకు చురుక్కుమంది. గోదారి జిల్లా మనిషికి పులస వండడం రాదన్నట్టు! పైకి నవ్వి ఊరుకున్నాను గానీ లోపల ఉడికిపోయాను. ఆవిడ కనిపెట్టినట్టుంది. ఆ ఆదివారం నన్ను పిలిచి, తన ఎదురుగా కూర్చోబెట్టుకుని వండింది. ఆవనూనె కాచి అందులో చేప ముక్కల్ని అలా వేసి ఇలా తీసింది. అదే నూనెలో కాసిని నల్ల జీలకర్ర, నిలువునా చీల్చిన పచ్చిమిరపకాయలు వేసి, పసుపు కలిపిన నీళ్ళు పోసింది. ఉప్పు వేసింది. ముక్కలు వేసి మూత పెట్టింది. ఉల్లిపాయ లేదు, వెల్లుల్లి లేదు, మసాలా లేదు, ధనియాలు కూడా లేవు. పావుగంటలో అయిపోయింది. ముందు చేప వేగిన నూనె రెండు చెంచాలు వేడి అన్నంలో కలిపి, ఉప్పు, ఒక పచ్చిమిరపకాయ పెట్టి తినమంది. తర్వాత ముక్క పెట్టింది.

నిజం చెప్పొద్దూ... అది ఇంకో చేపలా ఉంది. వెన్నలాంటి మెత్తదనం, కమ్మటి కొవ్వు, చివర్లో ఒక చిన్న తీపి. ఇన్నేళ్ళూ నేను పులస రుచి అనుకున్నది సగానికి సగం చింతపండు రుచేనేమో అని అనుమానం వచ్చింది.

ఇంటికొచ్చి ఆ మాట అంటే మావారు ఇంతెత్తున లేచారు. "పులుసు లేని పులసా? పప్పన్నం లేని పెళ్ళిలా! ఆవిడ వండింది ఏ నర్మదా చేపో, సముద్రపు చేపో. దానికీ మన గోదారి పులసకీ పోలికేమిటి?" అన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. గంగలో, పద్మలో, గుజరాత్‌లో నర్మదలో కూడా ఈ జాతి చేపే ఎదురీదుతుంది. బంగ్లాదేశ్‌కి అది జాతీయ చేప. ఏ నీళ్ళ రుచి ఆ నీళ్ళది. కానీ ఆయన కోపం చేప కోసం కాదు, వాళ్ళమ్మ చేతి పులుసు కోసం. అది నాకు తెలుసు.

ఈ గొడవ ఫోనులో మా ఆడపడుచు కొడుకు దాకా పోయింది. వాడు డాలస్‌లో ఉంటాడు. "అత్తయ్యా, ఇక్కడా ఇదే రగడ! స్టేక్ అని మాంసం ముక్క మందంగా కోసి నిప్పుల మీద కాలుస్తారు. మంచి ముక్కయితే ఉప్పూ మిరియాలు చాలు, సాస్ అడిగితే వంటవాడిని అవమానించినట్టే అంటారు కొందరు. ఫ్రెంచి వాళ్ళేమో దాని మీదకి వెన్నా గుడ్డు సొనా కలిపి ప్రత్యేకంగా సాస్ చేస్తారు. ఎవరి పట్టుదల వాళ్ళది" అన్నాడు. దేశం ఏదైనా తగువు ఒకటే అన్నమాట. మంచి సరుకుకి తోడు కావాలా, వద్దా?

అప్పుడు నేను కూర్చుని ఆలోచించాను. మనవాళ్ళు పులుసే ఎందుకు పెట్టారు? తెలివితక్కువ వాళ్ళేం కాదే! కారణాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఇది కొవ్వు ఎక్కువున్న చేప. పులుపు పడితే ఆ జిడ్డు విరుగుతుంది. వెంట్రుకల్లాంటి ముళ్ళున్న చేప. పుల్లటి రసంలో సన్నసెగ మీద ఉడికితే సన్న ముళ్ళు మెత్తబడతాయి. ఫ్రిజ్‌లూ ఐసూ లేని కాలంలో, వానల్లో, వండినది మర్నాటి దాకా నిలవాలంటే చింతపండు, ఉప్పు, కారమే దిక్కు. అందుకే మర్నాటి పులుసు రుచి అంటూ మనకో గొప్ప కూడా ఉంది.

ఇవి వంటల పుస్తకంలో రాయదగ్గ కారణాలు. రాయని కారణం ఇంకొకటుంది. ఒక్క చేప, పద్నాలుగు మంది!

నా చిన్నప్పుడు, 1990లలో, మా అమ్మమ్మగారింట్లో పులస వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. తలా తోకా పోగా తొమ్మిది ముక్కలొచ్చేవి. మొదటి బంతి తాతయ్య, ఇద్దరు మావయ్యలు, వచ్చిన అల్లుళ్ళు. నడుం ముక్కలు, జన ఉన్న ముక్కలు అల్లుళ్ళకి. తర్వాత మగపిల్లలు. మా ఆడపిల్లలకి తోక వైపు ముక్క తలా సగం. చివరి బంతి అమ్మమ్మ, అత్తలు, అమ్మ. అప్పటికి దాకలో మిగిలేది పులుసు, నాలుగు బెండకాయలు. వాళ్ళు ఆ దాకలోనే అన్నం వేసి కలుపుకుని తలో ముద్ద తీసుకుని నవ్వుకుంటూ తినేవాళ్ళు. నేను సగం ముక్కతో అలిగితే అమ్మ, "పిచ్చిదానా, అసలు రుచంతా పులుసులోనే ఉంటుంది. నాకు ముక్క కన్నా పులుసే ఇష్టం" అనేది.

ముప్ఫయ్యేళ్ళు నేను ఆ మాట నమ్మాను. అమ్మకి పులుసంటే ఇష్టం, అమ్మకి మాడు చెక్కంటే ఇష్టం, అమ్మకి చల్లారిన కాఫీ అంటే ఇష్టం. ఎంత విచిత్రమైన ఇష్టాలో చూడండి!

"పుస్తెలమ్మైనా పులస తినాలి" అని మా వైపు సామెత. ఆ సామెత చెప్పి గొప్పగా మీసం దువ్వుకునే మగవాళ్ళని ఎంతమందినో చూశాను. ఒక్కసారి ఆ సామెతని విడదీసి చూడండి. అమ్మేది ఎవరి మెళ్ళో పుస్తెలు? తినేది ఎవరు? పుస్తెలిచ్చిన మనిషి కంచంలో ఆ పూట ముక్క పడిందా, పులుసు పడిందా? సామెతలో ఆ సంగతి లేదు.

ఇదంతా ఎదురింటావిడతో అంటే ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన నాయనమ్మ గురించి చెప్పింది. ఆవిడకి చిన్న వయసులోనే భర్త పోయాడట. బెంగాల్లో పెద్ద కులాల ఇళ్ళల్లో భర్త పోయిన స్త్రీ చేప ముట్టుకోకూడదన్న కట్టడి ఉండేది. మాంసం, చేప సరే, ఉల్లి, వెల్లుల్లి కూడా వాళ్ళకి నిషేధం. "ఇలిష్‌లో ఏం వెయ్యకూడదో నాకు చెప్పింది ఆవిడే. పక్కన కూర్చుని, వాసన పట్టి, ఉప్పు తగ్గిందనేది. ఒక్కనాడూ తగ్గకుండా లేదు, ఎక్కువా కాలేదు, ఆవిడ చెప్పింది చెప్పినట్టే. కానీ నాకు ఊహ తెలిశాక ఆవిడ చేప తినగా నేను చూడలేదు" అంది.

పులుసు వేసిన మా ఇంట్లోనూ, వెయ్యని వాళ్ళింట్లోనూ కథ ఒక్కచోటికే వచ్చింది. చేపని ఎలా వండాలో ఆడవాళ్ళకి తెలుసు. దాని రుచి చెప్పాల్సింది మాత్రం ఇంకెవరో!

"అవి పాత రోజులు, ఇప్పుడెవరు వద్దన్నారు తినమని?" అని మీలో కొందరు అడుగుతారు. మావారూ అదే అడిగారు. నిజమే, ఎవరూ వద్దనలేదు. మా ఇంట్లో బంతులు లేవు, అందరం ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం. మరి కిందటి వానాకాలం వచ్చిన ఆ చేప ఎనిమిది ముక్కలు నేను ఎలా పంచానో చెప్పనా? ఎదురింటికి రెండు. మావారికి రెండు. బాబుకి రెండు, ఎదిగే పిల్లాడు కదా అని. అత్తయ్యగారికి ఒకటి. పాపకి ఒకటి. నాకు? ఎవరూ నన్ను తినొద్దనలేదు. నా చేత్తో నేనే పంచాను, నన్ను నేనే లెక్కలో వేసుకోలేదు. మావారు తింటూ తింటూ తలెత్తి, "నీకు?" అన్నారు. "నాకు పులుసు చాలండీ, ముక్క కన్నా పులుసే ఇష్టం" అన్నాను. ఆయన నమ్మారు. మా నాన్నా అలాగే నమ్మి ఉంటారు. చెడ్డవాళ్ళేం కాదు. మనం చెప్పింది నమ్మారు, అంతే.

ఆ మాట అన్నాక కూడా నాకేమీ అనిపించలేదు. అనిపించింది మర్నాడు. మావారు తన రెండో ముక్క మర్నాటికని దాచుకున్నారు. పొద్దున ఆఫీసుకి వెళ్తూ, "అది పిల్లలకి వేసెయ్" అన్నారు. నేను బల్ల దగ్గర, "ఎవరికెయ్యను?" అన్నాను. మా పాపకి పదమూడేళ్ళు. చేపంటే దానికి ప్రాణం. ముళ్ళు తియ్యడం చిన్నప్పుడే నేర్చుకుంది. అది తమ్ముడి వైపు చూసి, కంచం నా వైపు జరిపి, "వాడికే వెయ్యమ్మా. నాకు పులుసు చాలు" అంది.

అచ్చం మా అమ్మ గొంతు. నా గొంతు. నేనెప్పుడూ దానికి ఆ మాట నేర్పలేదు. ఆడపిల్ల అంటే ఇలా ఉండాలని ఒక్కనాడూ చెప్పలేదు. సరిగ్గా చెప్పాలంటే, దానికి కరాటే నేర్పించాను, సైకిలు కొనిపెట్టాను, ఆడా మగా ఒకటే అని కథలు కూడా రాశాను. అది నా కథలు చదవలేదు. నా కంచం చదివింది.

త్యాగం గొప్పదే, కాదనను. ఉన్నది పంచుకు తినడం మన ఇళ్ళల్లో ఉన్న మంచి గుణం. ఆ పులుసు కూడా అలాంటి మంచితనంలోంచి పుట్టిందే. తొమ్మిది ముక్కలతో పద్నాలుగు మంది కడుపు నింపిన దాక అది. దాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ ఎప్పుడూ ఒకరే చేసేది, అడక్కుండానే జరిగేది, జరిగినట్టు ఎవరికీ తెలియనిది త్యాగం ఎలా అవుతుంది? అది అలవాటు. అలవాటు అంటువ్యాధి లాంటిది, పక్కన కూర్చున్న ఆడపిల్లకి అంటుకుంటుంది. పైగా "నాకదే ఇష్టం" అని అబద్ధం చెప్పి మనం ఇంట్లో వాళ్ళకి మంచివాళ్ళయ్యే అవకాశం కూడా లేకుండా చేస్తున్నాం. ముక్క లేదని తెలిస్తే మావారు తనది సగం ఇచ్చేవారు. తెలియనిచ్చానా?

కనక నేను చెప్పొచ్చేది ఇదీ. మంచి చేపకి పులుసు కావాలా వద్దా అన్న తీర్పు తర్వాత. ముందు ఇంట్లో ప్రతి కంచంలోనూ ఒక ముక్క పడాలి. వండిన చేతి కంచంలో కూడా. అందరికీ చాలకపోతే ముక్కలు చిన్నవి కొయ్యమందాం. చేప అమ్మే ఆమెకి ఎనిమిదికి బదులు పదకొండు కొయ్యడం కష్టమేం కాదు. ముక్క తిన్నాక, అప్పుడు కూడా ఎవరికైనా పులుసే ఇష్టమైతే అది నిజమైన ఇష్టం. దాన్ని ఎవరూ కాదనరు.

సెప్టెంబరు ఆఖర్లో, సీజను అయిపోయే ముందు, ఇంకో చేప వచ్చింది. ఈసారి మావారే తెప్పించారు, నా మాటలు ఎక్కడో తగిలినట్టున్నాయి. అప్పుడు అమ్మ మా ఇంట్లోనే ఉంది. నేను చేపని రెండు రకాలుగా వండాను. సగం ఎదురింటావిడ చెప్పినట్టు, సగం అమ్మమ్మ దాకలో. ముందుగానే లెక్క వేసి కోయించాను. ఆరుగురికి తలా రెండు, ఒకటి అలా, ఒకటి ఇలా. జన ఉన్న నడుం ముక్క తీసి అమ్మ కంచంలో వేశాను. "నాకెందుకే ఇది, అల్లుడికి వెయ్యి" అని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది. అత్తయ్యగారు పక్కనుంచి, "తినండి వదినగారూ, నేను తినడం లేదూ!" అన్నారు. అమ్మ చెయ్యి తీసింది.

అమ్మ ముళ్ళు ఎంత చకచకా తీస్తుందో! మా అందరికీ తీసి పెట్టిన చేతులు కదా. తీసిన మెత్తటి ముక్కని అలవాటుగా పక్కనున్న మనవడి కంచంలో పెట్టబోయింది. మా పాప చూసి, "అమ్మమ్మా, వాడికుంది. అది నీది" అంది.

అమ్మ ఆ ముక్క నోట్లో పెట్టుకుంది. తల వంచుకుని నెమ్మదిగా, చాలాసేపు తింది. ఎవరం ఏమీ అనలేదు. తర్వాత అన్నం మీద పులుసు పోసుకుని రెండో ముక్కతో కలుపుకుంది. మావారు ఉండబట్టలేక, "చెప్పండత్తయ్యా, ఏది బాగుంది? మంచి చేపకి పులుసు ఉండాలంటారా, అక్కర్లేదంటారా?" అని అడిగారు.

అమ్మ కాస్త ఆలోచించి, "పులుసు కూడా బాగుంది బాబూ" అంది.

ఆ "కూడా" కోసం మా అమ్మకి అరవై రెండేళ్ళు పట్టింది. మా పాపకి అంతకాలం పట్టకూడదని నా కోరిక. మీ ఇంట్లో ఈ పూట కూర ఏదైనా సరే, వడ్డించే ముందు ఒక్కసారి ముక్కలు లెక్కపెట్టండి. ఆ లెక్కలో మీరున్నారో లేదో చూసుకోండి.